రాళ్ళ తోవకు నూలు శోకం

ఓ రూబే! వెయ్యి పొగగొట్టాల ఊరా! పత్తి బేళ్ళ ఆదోనికీ, మగ్గాల ఎమ్మిగనూరికీ దూరపు తోబుట్టువా! ఫ్రాన్సు ఉత్తరపు కొసన నీ ఉన్నిమిల్లులు ఒక్కొక్కటే ఊపిరి విడిచాయి. 2000లో లెనియేర్ మిల్లు కూడా మూతపడింది. నీ నూలు దొరలు తియొదోర్ వియెన్, మోరిస్ పెరెజ్ 1896లో పారిస్ నుంచి నీ గుమ్మం దాకా కట్టించిన సైకిలు పందెం మాత్రం బతికే ఉంది. మిల్లు పోయి పందెం మిగలడమేమిటి తల్లీ!

ఏటా ఏప్రిల్‌లో ఒక ఆదివారం. 250 కిలోమీటర్లు దాటిన పడుగు మీద సైకిళ్ళు నాడెల్లా ఉరుకుతాయి. అందులో 50కి పైగా రాళ్ళ తోవలే! వానొస్తే బురద, ఎండ కాస్తే దుమ్ము. మొదటి ప్రపంచయుద్ధం నమిలి ఊసిన ఆ నేలను 1919లో చూసినవాళ్ళు ఉత్తరాది నరకమన్నారు. ఆరెన్‌బర్గ్ అడవిలో రాళ్ళ కింద ఒకప్పటి బొగ్గుగని. పసితనం వీడకముందే ఆ గనిలోకి దిగిన జాఁ స్తాబ్లిన్‌స్కీ పెద్ద రౌతయ్యాక, 1968లో పందేన్ని ఆ అడవి దారి పట్టించాడు. కింది చీకటినీ పైరాతినీ ఎరిగిన కాళ్ళవి!

అయ్యో గూలార్ట్స్, బెల్జియం రౌతు బిడ్డా! 2018 ఏప్రిల్ 8న, 23 ఏళ్ళ నీ గుండె ఈ పందెపు రాళ్ళ తోవలోనే ఆగింది గదయ్యా! ముందు వెళ్ళినవాళ్ళకు నీ సంగతి తెలియదు, పందెం సాగిపోయింది. ఆ రాత్రి నువ్వు లేవు.

రూబేలో రౌతులు దుమ్ము కడుక్కునే పాత స్నానాల గదుల్లో గూటికొక విజేత పేరు, ఇత్తడి రేకు మీద. ఇక్కడ మా వైపు మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరు నేతగాళ్ళకు సహకార సంఘం నిలబెట్టాడు. ఆయన పేరు నిలిచింది. బట్టల మూట క్యారియర్‌కు బిగించి నల్లరేగడి తోవలు తొక్కినవాళ్ళకు రేకు ముక్కయినా లేదు. పోలిక అన్యాయమే, ఒప్పుకుంటాను. అక్కడ బాధకు జీతముంది, ఇక్కడ బాధపడినా కూలి గిట్టలేదు.

గెలిచినవాడికి రూబే ఇచ్చే బహుమానం ఒక రాయి, తోవలో పరిచే రాయే. ఆదోని చుట్టూ కొండలే, రాతికేం కరువు? అందుకోవలసిన చేతులు సుగ్గికి, వలస కూలికి, వెళ్ళాయి. గుంటూరు చేలల్లో మిరపకాయలు కోస్తున్నాయి.