డిశ్చార్జి చీటీ ఎవరికి రాసినట్టు?

కొల్లేటి లంకల నుంచి ఏలూరుకో విజయవాడకో వెళ్లి ఆసుపత్రిలో నాలుగు రోజులుండి వచ్చినవాళ్ల చేతిలో మందుల సంచితో పాటు ఒక డిశ్చార్జి సమ్మరీ ఉంటుంది. అంతా ఇంగ్లిషే. ఊళ్లో దాన్ని ముందు తిరగేసేది ఆర్‌ఎంపీ, తర్వాత మందుల షాపు కుర్రాడు. అసలు డాక్టరు చూసేది 104 సంచార వైద్య బండి వచ్చిన రోజున, అదీ కాగితం ఇంకా ఇంట్లో ఉంటే.

అసలు చిక్కు బిళ్లల దగ్గరే వస్తుంది. బీపీకి ఆసుపత్రిలో టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్ కలిపిన బిళ్ల రాస్తారు. 104లో ఇచ్చిన ఆమ్లోడిపిన్ ఇంట్లో డబ్బాలో ఉండనే ఉంది. పేరు వేరు, రంగు వేరు కాబట్టి రెండూ వేసుకుంటారు. కొన్నాళ్లకు పాదాలు పొంగుతాయి. చేపల చెరువులో దిగేవాడు నీళ్లలో నానినందుకనుకుంటాడు. ఆర్‌ఎంపీ కిడ్నీ అనుమానంతో ఒంట్లో నీరు లాగే బిళ్ల ఇస్తాడు. ‘పాత ఆమ్లోడిపిన్ ఆపేశాం’ అని సమ్మరీలో ఒక్క ముక్క రాసి ఉంటే మూడో బిళ్ల అవసరమే పడదు. ఏం మొదలుపెట్టారో శ్రద్ధగా రాసే ఆసుపత్రులు ఏం ఆపారో రాయడానికి ఎందుకో బద్ధకిస్తాయి.

స్టెంటు వేయించుకున్నవాళ్లకైతే ఇది ప్రాణం మీదికొస్తుంది. ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే రెండో బిళ్లను చాలామంది నెలల తరబడి, కొందరు ఏడాది దాకా వాడాలి. తాడేపల్లిగూడెంలో పన్ను పీకించుకోవడానికి ముందు ఎవరో ఆపమన్నారని ఆపేస్తే స్టెంటులో రక్తం గడ్డకట్టవచ్చు. ఎప్పటిదాకా ఆపకూడదో ఆ తేదీ కాగితం మీద ఉండాలి.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మూర్ఛలతో, కళ్లు తిరిగి పడిపోయి ఆసుపత్రి పాలైనప్పుడు రక్తం నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్ దాకా వెళ్లాయి. సీసం, నికెల్ ఉన్నాయని జవాబూ వచ్చింది. అంత దూరం వెళ్లగలిగిన కబురు ఏలూరు నుంచి లంకలోని హెల్త్ క్లినిక్‌కు వెళ్లడానికి ఏం అడ్డమో!

రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ విధానం 2023 ఏప్రిల్ 6న మొదలైంది. పీహెచ్‌సీలో ఇద్దరు డాక్టర్లు, వారిలో ఒకరు 104తో నెలకు రెండుసార్లు ఊరికి రావాలన్నది ఏర్పాటు. అంటే కబురు అందుకోవలసిన మనిషి ఉన్నాడు. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ ఒప్పందం ప్రకారం డిశ్చార్జి సమ్మరీ 24 గంటల్లో నేరుగా రోగి కుటుంబ డాక్టరుకే చేరాలి. ఇక్కడ 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు ఉంది గానీ, ఆసుపత్రి రికార్డును దానికి జత చేస్తేనే ఊరి డాక్టరుకు కనిపించేది. అప్పటిదాకా రోగి తరఫువాళ్లు అడగడమే దారి: వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాల్సిందే.