గోదావరిఖనిలో మంచి సర్వపిండి ఎక్కడ?

గోదావరిఖని చౌరస్తాలో ఆకలేస్తే ఇడ్లీ, దోశ, మిర్చి బజ్జీ, బిర్యానీ అన్నీ దొరుకుతాయి. సర్వపిండి మాత్రం వెతుక్కోవాలి. దొరికినా తినబుద్ధి కాదు. స్వగృహ దుకాణాల్లో సకినాల పక్కన ప్లాస్టిక్ కవర్లలో బిగించి పెట్టిన బిళ్లలుంటాయి. కొన్ని పటపటా విరుగుతాయి, కొన్ని ఎంత నమిలినా సాగుతూనే ఉంటాయి. ఒకచోట పెనం మీద కాల్చి ఇస్తారు, ఇంకోచోట ఏకంగా నూనెలో దేవేస్తారు. ఉత్తర తెలంగాణలో ఇంటింటా చేసుకునే వంట, ఇంత పెద్ద ఊళ్లో డబ్బిచ్చి కొనబోతే ఎందుకు దొరకదు? దుకాణాలన్నీ తిరిగాక నాకు అర్థమైందిది: దినుసుల్లో పెద్ద తేడా లేదు. తేడా అంతా గిన్నెలో, మంటలో, పొయ్యి దిగినప్పటి నుంచి నోటికి చేరేలోపు గడిచే సమయంలో ఉంది.

బియ్యాన్ని గిర్నీలో కాస్త బరకగా పట్టించాలి. అందులో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, ఎల్లిగడ్డ, పచ్చిమిర్చి లేదా కారం, జీలకర్ర, కల్యామాకు, ఉల్లాకు, ఉప్పు వేయాలి. కొందరు ఆనిగెపుకాయ తురుము కలుపుతారు. అప్పుడు కాయలోని తడే చాలావరకు సరిపోతుంది. నీళ్లు కొద్దికొద్దిగా చల్లుకుంటూ, చేతికి అంటీ అంటనట్టు కలపాలి.

అసలు పని ఆ తర్వాతే. అడుగు గుండ్రంగా, మందంగా ఉన్న సర్వ గిన్నెకు లోపల నూనె రాసి, పిండి ముద్దను అడుగు నుంచి పక్కలపైకి వేళ్లతో ఒత్తుకుంటూ పోవాలి. ఎక్కడా మందంగా పేరుకోకూడదు. చూపుడు వేలితో అక్కడక్కడ గుంటలు చేసి, ఒక్కో గుంటలో కొన్ని నూనె చుక్కలు వేయాలి. ఈ గుంటలు అందం కోసం కాదు. వాటిగుండా నూనె అడుగుకు దిగి బిళ్ల కింద పరుచుకుంటుంది. మూత పెట్టి సన్న సెగ మీద ఉంచితే కింద నూనెలో వేగుతుంది, పైన తన ఆవిరిలోనే ఉడుకుతుంది. తిరగేయడమన్నది లేదు. అందుకే మంచి సర్వపిండికి కింద ఎర్రటి కరకర, పైన మెత్తదనం రెండూ ఉంటాయి. మధ్యమధ్య గిన్నెను వాల్చి పక్కలకూ సెగ తగిలించాలి. చిటపట తగ్గి, నువ్వులు వేగిన వాసన వచ్చి, అంచులు గిన్నెను వాటంతటవే వదిలితే అయినట్టు. చదును పెనం మీద పక్కల ఆ పలుచని కరకర రాదు. నూనెలో దేవితే పైన ఆ మెత్తదనమే మిగలదు.

మరి రెండో బిళ్ల వేయాలంటే? వేడి సర్వలో చెయ్యి పెట్టలేం. పెట్టినా పిండి సరిగ్గా పరుచుకోదు. గిన్నె వెనక నీళ్లు పోసి చల్లార్చాలి, లేదంటే రెండు మూడు గిన్నెలను వంతులవారీగా వాడాలి. హోటళ్లు వెనకాడేది ఇక్కడే. ఒక్క బిళ్ల కాలేలోపు పక్క పొయ్యి మీద ఎన్ని దోశలు లేస్తాయో వాళ్లకు తెలుసు.

ఈ వంటకు గోదావరిఖని లాంటి బొగ్గు ఊళ్లు అనువైన చోట్లు. 1889లో ఇల్లందు దగ్గర మొదలైన బొగ్గు తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు కిందికి వచ్చి, గోదావరి లోయ వెంట సాగి ఇక్కడికి చేరింది. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు తమ గిన్నెలతోపాటే ఈ వంటనూ తెచ్చుకున్నాయి. ఒక ఇంట్లో గిన్నప్ప అంటారు, పక్కింట్లో తపాలచెక్క అంటారు. బొగ్గు పొయ్యి మీద అన్నం, కూర దిగాక మిగిలే నిప్పుల సెగ సర్వపిండికి సరిగ్గా సరిపోయేది. గ్యాస్ మీద ఆ సెగ కావాలంటే మంట బాగా తగ్గించి, సర్వ కింద ఇనుప పెనం పెట్టాలి. శ్రమే, కానీ ఫలితం ఉంటుంది.

ఇక మిగిలింది సమయం. జపాన్‌వాళ్లకు సుషీ విషయంలో ఈ పట్టింపే ఉంది. వెనిగర్ కలిపిన అన్నం ఇంకా గోరువెచ్చగా ఉండగానే పైన చేపముక్క పెట్టి అందిస్తారు, వెంటనే తినాలంటారు. ఫ్రిజ్‌లో పెడితే అన్నంలోని పిండిపదార్థం బిగుసుకుని గట్టిపడుతుంది. బియ్యప్పిండిదీ అదే గుణం. పొద్దున చేసిన సర్వపిండి డబ్బాలో పెట్టుకుని షిఫ్టుకు పోతే మధ్యాహ్నం పెరుగుతో కమ్మగానే ఉంటుంది. రోజుల తరబడి కవర్లో ఉంటే మాత్రం ఏ చేతి వంటైనా పాడవుతుంది. మంచి సర్వపిండిని నిల్వ సరుకుగా అమ్మడం కుదరదు.

చేయగలవాళ్లు ఈ ఊళ్లో లేక కాదు. ఏ కాలనీలో చూసినా చెయ్యి తిరిగిన ఆడవాళ్లున్నారు. సంక్రాంతికి సకినాలు చెప్పి చేయించుకుంటున్నాం కదా, సర్వపిండికీ ముందురోజే చెప్పి, వాళ్లింటికే వెళ్లి సర్వలోంచి తీసింది తీసినట్టు తెచ్చుకోవచ్చు. బస్టాండ్ దగ్గర నాలుగు సర్వలు, రెండు పొయ్యిలతో ఎవరైనా బండి పెట్టినా, పదిహేను నిమిషాలు నిలబడటానికి నేను సిద్ధం. ధర విషయంలో మాత్రం మనమూ మారాలి. ఒక్కో గిన్నె దగ్గర అంతసేపు కాచుకుని చేసే వంటను ప్యాకెట్ సరుకు ధరకు అడగటం న్యాయం కాదు.