రెండంగుళాల మినహాయింపు

అమెరికా, కెనడాల్లో నడిచే నేషనల్ హాకీ లీగ్ నిబంధనల ప్రకారం ఆటగాడి స్టిక్ 63 అంగుళాలు మించకూడదు. ఆరడుగుల ఆరంగుళాలు, ఆపైన ఎత్తున్నవాళ్లు ముందుగా అనుమతి తెచ్చుకుంటే 65 దాకా ఒప్పుకుంటారు. ఈ మినహాయింపు వాడుకున్నవాళ్లలో అందరికన్నా పేరు మోసినవాడు స్లొవేకియా డిఫెండర్ జ్దెనో ఖారా. ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు. అతడికన్నా పొడగరి ఆ లీగ్‌లో ఇంతవరకు ఆడలేదు. అతడి గురించి రాసినవాళ్లంతా ఎత్తు దగ్గర మొదలుపెట్టి ఎత్తు దగ్గరే ఆగిపోతారు. ఆ ఎత్తుతో అతడేం చేశాడన్నది అంతకన్నా ఆసక్తికరమైన సంగతి.

ముందు ఆట సంగతి కొంచెం. మంచు పరిచిన రింక్ 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు. బంతి ఉండదు. గట్టి రబ్బరుతో చేసిన, మూడంగుళాల అడ్డకొలత గల బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. మంచు మీద ఎగిరెగిరి పడకుండా ఆటకు ముందు దాన్ని గడ్డకట్టిస్తారు. గోల్‌కీపర్ కాక జట్టుకు ఐదుగురు, వాళ్లలో ఇద్దరు డిఫెండర్లు. ఎదుటి ఫార్వర్డ్ పక్‌తో దూసుకొస్తుంటే డిఫెండర్ అతడికి ఎదురుగా ముఖం పెట్టి వెనక్కి స్కేట్ చేస్తూ పోవాలి. ఇద్దరి మధ్యా ఎంత ఎడం ఉంచాలన్నదే డిఫెన్స్ విద్యలో మొదటి పాఠం, చివరి పాఠం కూడా. ఎడం ఎక్కువైతే ఫార్వర్డ్ తాపీగా చూసుకుని షాట్ కొడతాడు. తక్కువైతే ఒక్క మలుపుతో పక్కనుంచి జారిపోతాడు. ఆ తర్వాత వెనక్కి తిరిగి పట్టుకోవడం ఎవరివల్లా కాదు.

కబడ్డీ చూసేవాళ్లకు ఇది కొత్త కాదు. మంచి కార్నర్ డిఫెండర్ రైడర్ మీదికి తొందరపడి దూకడు. తను నిలబడే చోటుతోనే అతడిని లైన్ వైపు నెడతాడు. ఐస్ హాకీలో ఆ లైన్ స్థానంలో రింక్ చుట్టూ గోడ ఉంటుంది. ఫార్వర్డ్‌ను మధ్యలోకి రానీయకుండా గోడవారకు తోస్తే, అక్కడినుంచి అతడు గోల్ వైపు కొట్టే కోణం చిక్కిపోతుంది.

ఖారాకు పొడవాటి చేతులు, వాటి చివర 65 అంగుళాల స్టిక్. మిగతావాళ్లు ఉంచలేనంత ఎడం ఉంచి కూడా అతడు స్టిక్ కొనతో పక్‌ను పొడిచేయగలిగేవాడు. పాస్ వెళ్లాల్సిన దారికి స్టిక్ అడ్డంగా పెట్టి ఆ దారి మూసేయగలిగేవాడు. అయితే ఈ దూరం అతడికి అవసరం కూడా. అంత పొడుగు మనిషి నడుము తిప్పి దిశ మార్చుకునేందుకు పొట్టివాళ్లకన్నా ఎక్కువ సమయం పడుతుంది. చురుకైన ఫార్వర్డ్ సరిగ్గా ఆ సందు కోసమే చూస్తాడు. దగ్గరికి వెళ్లకుండానే అందుకోగలిగితే తిరగడానికి ఆ అరక్షణం దొరుకుతుంది. చేతుల పొడవు కాళ్ల నిదానాన్ని కప్పిపుచ్చింది. ఇది దానంతటది వచ్చిన ఒడుపు కాదు, అలవాటు చేసుకోవడానికి ఏళ్లు పట్టింది.

1977 మార్చి 18న ఖారా పుట్టిన ట్రెన్‌చీన్ వాహ్ నది ఒడ్డున కోట నీడలో ఉన్న ఊరు. ఫార్వర్డ్‌లు మరియాన్ హోసా, మరియాన్ గాబొరీక్ కూడా అక్కడే ఆట నేర్చుకున్నారు. తండ్రి జ్దెన్యెక్ గ్రీకో రోమన్ మల్లయోధుడు, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో చెకొస్లొవేకియా తరఫున బరిలో దిగాడు. కొడుకు ఒంటికి బలం పట్టించింది ఆయనే. కుర్రాడు మరీ పొడుగు, బాస్కెట్‌బాల్ ఆడుకోమని కోచ్‌లు సలహా ఇచ్చారు. తూలిపోతూ స్కేట్ చేసే కుర్రాడిని చూసినవాళ్లకు అంతకుమించి తోచకపోవడంలో వింతేమీ లేదు.

జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1996లో, న్యూయార్క్ ఐలాండర్స్ అతడిని 56వ పేరుగా తీసుకుంది. ఒక ఏడాది కెనడా జూనియర్ లీగ్‌లో ప్రిన్స్ జార్జ్ జట్టుకు ఆడి, 1997-98లో పెద్ద లీగ్‌లో అడుగుపెట్టాడు. 2001లో ఐలాండర్స్ అలెక్సీ యాషిన్ అనే పెద్ద పేరు కోసం ఖారాను, మరో ఆటగాడిని, ఆ ఏటి డ్రాఫ్ట్‌లో రెండో ఎంపిక హక్కును కలిపి ఒటావా జట్టుకు ఇచ్చేసింది. ఆ హక్కుతో ఒటావా జేసన్ స్పెజాను తెచ్చుకుంది. లీగ్ చరిత్రలో చెత్త బేరాల జాబితా ఎవరు రాసినా ఇది తప్పకుండా అందులో ఉంటుంది.

2006లో బోస్టన్ బ్రూయిన్స్ ఐదేళ్లకు 3.75 కోట్ల డాలర్లిచ్చి పిలిచి, కెప్టెన్‌ను చేసింది. మొదటి ఏడాది జట్టు తన డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. తర్వాత కోచ్‌గా వచ్చిన క్లోడ్ జూలియన్ డిఫెన్స్ చుట్టూ జట్టును కట్టాడు. 2009లో ఉత్తమ డిఫెండర్‌కు ఇచ్చే నోరిస్ ట్రోఫీ ఖారాకు దక్కింది. కెప్టెన్‌గా అతడి మర్యాద వేరు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లను ఏడిపించడం, వాళ్లతో చాకిరీ చేయించడం అతడి డ్రెస్సింగ్ రూమ్‌లో కుదిరేది కాదు.

అతడి షాట్ గురించి చెప్పకుండా ఉండలేం. ఊపి కొట్టే స్లాప్‌షాట్‌లో స్టిక్ ముందు పక్‌కు కాస్త వెనక మంచును తాకుతుంది. ఆ తాకిడికి కర్ర విల్లులా వంగి, నిటారుగా లేస్తూ ఆ శక్తినంతా పక్‌కు ఇస్తుంది. ఖారా వాడిన కర్ర మామూలు ఆటగాడు వంచలేనంత బిగువైనది. 2012 ఆల్‌స్టార్ వేడుకలో షాట్ల వేగం కొలిచే పోటీలో అతడి షాట్ గంటకు 108.8 మైళ్లు, అంటే 175 కిలోమీటర్లు అందుకుంది. నాకు మాత్రం ఆ అంకె మీద అంత మోజు లేదు. ఆ పోటీలో పక్ కదలదు, అడ్డుకునేవాడు ఉండడు. మ్యాచ్‌లో గోల్‌కు దూరంగా ఉండే బ్లూ లైన్ దగ్గరినుంచి కొట్టిన షాట్లలో చాలావరకు ఎవరి కాళ్లకో తగిలి ఆగిపోతాయి. బోస్టన్ అయితే ఒక్కోసారి ఇంత షాట్ ఉన్నవాడిని, ఎదుటి జట్టు మనిషి తక్కువతో ఆడే పవర్ ప్లేలో, గోల్ ముందు నిలబెట్టి, కీపర్‌కు ఎదుటి దృశ్యం కనబడకుండా చేసింది. అది తెలివైన పని.

2011 ఫైనల్ ఈ విద్యకు అసలు పరీక్ష. ఎదురుగా వాంకూవర్, ఆ జట్టులో సెడిన్ కవలలు. ఆ సీజన్‌లో లీగ్ మొత్తంలో పాయింట్లు ఎక్కువ తెచ్చింది వాళ్లలో ఒకడైన డేనియల్. వాళ్లు మంచు మీదికి వచ్చినప్పుడల్లా ఖారా, అతడి జోడీ డెనిస్ సైడెన్‌బర్గ్ దిగేవారు. ఏడు మ్యాచ్‌లలో కలిపి వాంకూవర్ కొట్టింది ఎనిమిది గోల్స్. ఇందులో గోల్‌కీపర్ టిమ్ థామస్ వాటా చాలా పెద్దది. కానీ అతడి ముందుకు వచ్చే షాట్లను దూరంగా, గోడవారగా నెట్టిందెవరో వీడియోలు చూస్తే తెలుస్తుంది. 1972 తర్వాత మళ్లీ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్పు బోస్టన్ చేరింది. లీగ్‌లోకెల్లా పొడగరి దాన్ని తలపైకి ఎత్తాడు. అంత పైకి ఆ కప్పు అంతకుముందెప్పుడూ లేచి ఉండదు!

అదే ఏడాది మార్చిలో మరో ముఖం. మాంట్రియల్ ఆటగాడు మాక్స్ పాచియరెటీని ఖారా గోడకు అదిమినప్పుడు అతడి తల బెంచీల మధ్య స్తంభానికి కొట్టుకుంది. మెడ ఎముక చిట్లింది. ఖారాను మ్యాచ్‌లోంచి పంపేశారు గానీ లీగ్ సస్పెండ్ చేయలేదు. గోడవారకు నెట్టే ఇదే విద్యలో ఒక్క అడుగు అటూ ఇటూ అయితే ఏమవుతుందో చెప్పడానికి ఆ సంఘటన దాచకుండా చెప్పుకోవాలి.

2019 ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో పక్ అతడి స్టిక్‌కే తగిలి ఎగిరి దవడ విరగ్గొట్టింది. అప్పటికి 42 ఏళ్లు. ఐదో మ్యాచ్‌కు ముఖానికి కవచం తగిలించుకుని వచ్చాడు. బోస్టన్ మాత్రం ఆ సిరీస్ ఓడిపోయింది. 2022 ఫిబ్రవరిలో, ఐలాండర్స్‌కే తిరిగి వచ్చి ఆడుతూ, 1,652వ మ్యాచ్‌తో డిఫెండర్లలో క్రిస్ చెలియోస్ రికార్డును దాటాడు. 1,680 దగ్గర ఆగాడు. వేగం మీద బతికే ఆటగాడికి కాళ్లు నెమ్మదించగానే ఆట అయిపోతుంది. ఖారా మొదటినుంచీ ఎడం మీద, అంచనా మీద బతికాడు. అతడు అన్నేళ్లు నిలవడానికి నాకు కనబడే కారణం అదే.

స్లొవేకియా 1993లో విడి దేశమైనప్పుడు ప్రపంచ హాకీలో మూడో శ్రేణినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. తొమ్మిదేళ్లలో, 2002లో, రష్యాను 4-3తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆ జట్టులో ఖారా లేడు, ఒటావాకు ప్లేఆఫ్స్ ఆడుతున్నాడు. అతడికి మిగిలినవి 2000, 2012 రజతాలు. రెండోది అందుకుంటున్నప్పుడు ఒంటి మీద ఉన్నది పావొల్ డెమిత్రా 38వ నంబరు జెర్సీ. అంతకు ముందు ఏడాది యారొస్లావ్‌ల్ విమాన ప్రమాదంలో పోయిన సహచరుడు అతడు. ఖారా రిటైరైన 2022లోనే, జులైలో, డ్రాఫ్ట్‌లో పిలిచిన మొదటి రెండు పేర్లూ స్లొవాక్ కుర్రాళ్లవే: ఫార్వర్డ్ యురాయ్ స్లఫ్‌కొవ్‌స్కీ, డిఫెండర్ షిమొన్ నెమెట్స్. మూడేళ్ల తర్వాత, 2025లో, ఖారా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.