తుప్పు దండకం

ఓ తుప్పూ, నీకో దండం. గుడి లేదు, తిరనాళ్లు లేవు. అయినా ఉదయగిరి మెట్ట నుంచి ఆత్మకూరు బస్టాండు దాకా నీ బొట్టు లేని ఇనుము లేదు. బోరింగు హ్యాండిలు మీద నువ్వే, దొడ్డివాకిలి గొళ్లెం మీద నువ్వే, పాత బస్సు మెట్టు కింద నువ్వే. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1514లో గెలిచిన ఉదయగిరి దుర్గం రాళ్లు ఇంకా నిలబడే ఉన్నాయి. ఆ సేనలు పట్టిన కత్తులూ బల్లేలూ ఎన్ని నీ పాలయ్యాయో ఎవరు లెక్కపెట్టారు?

ఇనుముకు నువ్వు శత్రువని లోకం అంటుంది, నేననను. భూమిలో అది ఉన్నదే ప్రాణవాయువుతో పెనవేసుకుని, ఎర్రరాయిగా. కొలిమిలో బొగ్గేసి ఆ జంటను విడదీసింది మనం. తడీ గాలీ తగిలాయా, ఇనుము ఆగదు. పండక్కి కబురందిన కొత్తకోడలిలా పుట్టింటి దారి పడుతుంది.

నీ పని చూడాలంటే ఒక్క చుక్క ఉప్పునీళ్లు చాలు. మెరిసే రేకు మీద ఆ చుక్క వేసి కేంబ్రిడ్జిలో యూలిక్ ఇవాన్స్ ఎప్పుడో 1920లలోనే చూపించాడు. చుక్క అంచుకు గాలి బాగా అందుతుంది, నడిమికి అందదు. గాలి అందని ఆ నడిమి ఇనుమే కరుగుతుంది. అది వదిలిన ఎలక్ట్రాన్లు లోహంలోంచే నడిచి అంచుకు చేరతాయి, అక్కడ నీటిలోని ప్రాణవాయువు వాటిని అందుకుంటుంది. కరిగిన ఇనుమూ అంచు నుంచి వచ్చిన క్షారమూ ఎదురుపడ్డ చోట గోధుమరంగు ఉంగరం తేలుతుంది. ఉంగరం ఒకచోట, గుంట మరోచోట! నువ్వు కనబడే చోట కొరకవు తల్లీ, అదే నీ మాయ.

అందుకే సోమశిల గేట్లను చూసినప్పుడల్లా నా చూపు పైనున్న రంగు మీద నిలవదు. పెన్నకు అడ్డంగా 78 టీఎంసీల నీళ్లను ఆపే జలాశయం అది. గేటు అడుగంచు ఒండ్రులో కూరుకునే చోట, రబ్బరు సీలుకూ పలకకూ మధ్య తడి ఆరని సందులో, బోల్టు తల కింద, ఊపిరాడని ఆ చీకట్లలోనే నీ కాపురం. రంగు బుడగలా ఉబ్బితే గోటితో గిల్లి చూడండి: పెచ్చు లేస్తుంది, కింద తడి నలుపు, దాని కింద గుంట. స్టీలు గ్లాసు మీద క్రోమియం కంటికి ఆనని పొర కట్టి లోపలిదాన్ని కాస్తుంది. నువ్వలా కాదు. పెచ్చులుగా రాలి కొత్త ఇనుమును మళ్లీ గాలికి చూపిస్తావు. కాంక్రీటులో కమ్మీకి పట్టావంటే రెండింతలు, మూడింతలు, ఒక్కోసారి ఆరింతలు ఉబ్బి స్లాబునే చీలుస్తావు.

పక్క జిల్లాలో గుండ్లకమ్మ జలాశయం గేటు 2022లో ఒకటి దెబ్బతింది, 2023 డిసెంబరులో మరొకటి కొట్టుకుపోయింది. రెండుసార్లూ జనం నోట నీ పేరే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగినప్పుడూ అందరికీ ముందు గుర్తొచ్చింది నువ్వే. నీ నేరం ఎంతో, చూడాల్సినవాళ్లు చూడకపోవడం ఎంతో తేల్చడం ఇంజనీర్ల పని. నా అనుమానం మాత్రం రెండోదాని మీదే ఎక్కువ.

నీకు లొంగని పనితనం ఉదయగిరిలో ఒకటుంది: నర్ది, బిక్కి, కలివి కర్రతో చెక్కే గరిటెలు, చెంచాలు. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఆ నగిషీని నువ్వు ముట్టలేవు. కానీ దాన్ని చెక్కే ఆకురాయినీ రంపాన్నీ ముడతావు!

నిన్ను ఆపేది జింకు. ఇనుము కన్నా ముందు తాను కరుగుతుంది. జీఐ పైపు మీద గీత పడ్డా చుట్టూ ఉన్న జింకు ఆ గీతను కాస్తుంది. 1824లో హంఫ్రీ డేవీ ఇంగ్లండు యుద్ధ ఓడల రాగి రేకులను కాపాడటానికి ఇలాగే జింకు, ఇనుప ముక్కలు తగిలించాడు. రాగి భద్రంగానే ఉంది. కానీ కరగని రాగిలో విషం లేక నాచూ గుల్లలూ పట్టి ఓడల నడకే మందగించింది. ఉప్పునీళ్లతో ఆట కదా.

2013లో నీ వల్లా, మిగతా లోహాలను తినే నీ చుట్టాల వల్లా ప్రపంచానికైన ఖర్చు రెండున్నర లక్షల కోట్ల డాలర్లని నిపుణుల అంచనా. అంత కప్పం ఏ చక్రవర్తి వసూలు చేశాడు?

పెన్నకు పెద్ద నీళ్లు సాధారణంగా అక్టోబరు, నవంబరుల్లోనే. ఎండాకాలం నీళ్లు దిగి గేటు అడుగంచు బయటపడ్డప్పుడే గేట్లకు రంగేసే మా వంతు. ఈసారి నీ మీదే రంగు పూసి బిల్లు పెట్టం. ముందు వైరు బ్రష్షుతో తోముతాం, మెరుపు తేలాకే ప్రైమరు వేస్తాం, మొదటి పూత ఆరనిదే రెండోది ముట్టం. అందాకా గడువియ్యి.