శివారుకు నీళ్లు

పోయిన వారం మా నాన్నగారి వెబ్‌సైటుకి ఇల్లు మార్చాను. ఆయన పెంటపాడులో వ్యవసాయం చేస్తూ వరి రకాల మీద రాసుకున్న నోట్సు అది. పదేళ్ల కిందట నేనే అరవై పేజీలుగా పెట్టాను. మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ, అదే మన ఎంటీయూ 7029, ఆ పేజీకే వచ్చేవాళ్లు ఎక్కువ. పాత సర్వర్ వాళ్లు అద్దె పెంచారు. అరవై పేజీలకు అంత ఇవ్వడానికి మనసొప్పలేదు.

ఇది స్టాటిక్ సైటు. అంటే అడిగాక పెనం మీద వేసే అట్టు కాదు, ముందే చుట్టిపెట్టిన పూతరేకు. ఎవరొచ్చినా అదే తీసి ఇస్తారు. వెనక డేటాబేస్ లేదు గనక సామాను మోత పది నిమిషాల్లో తేలిపోయింది. ఫొటోలే మొండికేశాయి. పాతది విండోస్ సర్వర్, ఫైలు పేరులో ఇంగ్లిషు అక్షరం పెద్దదైనా చిన్నదైనా దానికొకటే. కొత్తది లైనక్స్, దానికి పట్టింపు. స్వర్ణ కంకి ఫొటో పేరులో పెద్ద ఎస్, పేజీలో చిన్న ఎస్. ఫొటో లేదు పొమ్మంది. మన లిపిలో ఈ పెద్దాచిన్నా తేడా లేకపోవడం ఎంత సుఖమో ఆ సాయంత్రం తెలిసొచ్చింది.

అసలు తంటా చిరునామాతో. ‘ఇంకా పాతదే కనిపిస్తోంది అన్నయ్యా’ అని హైదరాబాదు నుంచి తమ్ముడి ఫోను. విజ్జేశ్వరంలో కాలువ గేట్లెత్తగానే శివారు చేలు తడుస్తాయా ఏంట్రా, ఇదీ అంతే అన్నాను. ఫోను పెట్టేశాక ఆ పోలిక నాకే నచ్చలేదు. సైటు పేరుకు చిరునామా చెప్పే డీఎన్ఎస్‌లో ఏదీ పారదు. దారిలోని సర్వర్లు పాత చిరునామాను గడువుదాకా గుర్తుపెట్టుకుంటాయి, గడువు తీరాకే మళ్లీ అడుగుతాయి. నా రికార్డుల గడువును ముందే 86,400 సెకన్ల నుంచి 300కి దించి మురిసిపోయాను. తీరా మార్చింది ఆ రికార్డులుండే నేమ్‌సర్వర్లనే. డాట్ కామ్ పట్టికలో వాటి గడువు 1,72,800 సెకన్లు, నిండా రెండు రోజులు. దాన్ని దించడం నా చేతిలో లేదు.

ఇంకో ఘనకార్యం. కొత్తచోట సైటు చిరునామా రాసి, మెయిల్‌కి కావలసిన ఎంఎక్స్ రికార్డు మరిచాను. ఒక్క ఉత్తరమూ రాలేదు. నాట్ల హడావుడిలో రైతులకు తీరిక లేదు కాబోలనుకున్నాను!

పాత సర్వర్‌కు నెలాఖరుదాకా అద్దె కట్టే ఉంది, అందుకని మూయలేదు. నాలుగో రోజు దాని లాగ్ తెరిచాను. ఏదో యంత్రం, ఒక్కటే, గంటకోసారి వచ్చి స్వర్ణ పేజీ చూసి వెళ్తోంది. దానికి కంకి ఫొటో కూడా కనిపిస్తోంది.