పలకతో మొదలుపెట్టండి: ఫైబర్ పనికి తొలి సరంజామా

ఉప్పాడ నుంచి భీమిలి దాకా, ఆ పైన శ్రీకాకుళం తీరం వెంట ఏ మత్స్యకార పల్లెకు వెళ్లినా ఒడ్డున ఎక్కువగా కనిపించేవి ఫైబర్ బోట్లే. ఒకప్పుడు ఆ ఇసుక మీద దుంగలు కట్టిన తెప్పలు, చెక్క నావలు ఉండేవి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా నడిపిన బంగాళాఖాత కార్యక్రమం 1980లలో మన తీరంలోనూ, తమిళనాడులోనూ అలలు దాటి నేరుగా ఒడ్డుకెక్కే బోట్ల మీద పనిచేసింది. 2004 సునామీ తర్వాత ఫైబర్ బోట్లు మరింత పెరిగాయి. సముద్రం మీదే కాదు, ఊరి కూడళ్లలో నిలబెట్టే విగ్రహాల్లోనూ, నీళ్ల ట్యాంకుల్లోనూ ఇదే పదార్థం.

ఈ పని వయసు తక్కువే. గాజు పోగుల వ్యాపారం కోసం అమెరికాలో ఓవెన్స్ కార్నింగ్ కంపెనీ 1938లో ఏర్పడింది. 1942లో ఒహాయో రాష్ట్రానికి చెందిన రే గ్రీన్ గాజు పోగు, పాలియెస్టర్ రెసిన్ కలిపి పడవ చేశాడు. 1953లో షెవ్రొలే కార్వెట్ కారు ఇదే ఒంటితో వచ్చింది, ఆ ఏడాది తయారైనవి 300 కార్లు. అప్పటికీ ఇప్పటికీ మూల పద్ధతి ఒక్కటే. అచ్చు మీద గాజు పోగుల మ్యాట్ పరిచి, రెసిన్ పట్టించి, గాలి పోయేలా నొక్కి, పొర మీద పొర వేయడం. కరెంటు లేని తాటాకు పాకలో కూడా పడవ పుడుతుంది. అడుగుకు కన్నం పడితే అది ఉన్న ఒడ్డునే మాసిక వేసి మళ్లీ నీళ్లలోకి దింపవచ్చు. ఈ విద్య గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. బతుకుతెరువుకు కావలసిన వస్తువును దాని యజమానే బాగుచేసుకోగలడు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది నేరుగా పడవ మాసికతోనో, బండి బంపర్‌తోనో మొదలుపెడతారు. అది సరికాదు. ముందు 30 సెంటీమీటర్ల చదరపు పలక ఒకటి చేయండి. అచ్చుగా నున్నటి సన్‌మైకా ముక్క చాలు. ఆ పలకకే ఈ పనిలోని మెళకువలన్నీ కావాలి.

ఏం కొనాలో లెక్క చూద్దాం. దుకాణంలో 450 గ్రాముల మ్యాట్ అని అడగండి. చదరపు మీటరుకు అంత బరువుంటుందని అర్థం. మన పలక వైశాల్యం 0.09 చదరపు మీటరు. మూడు పొరలకు మ్యాట్ సుమారు 120 గ్రాములు అవుతుంది. ఈ రకం మ్యాట్‌కు బరువులో రెండు నుంచి రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది కాబట్టి 300 గ్రాముల పాలియెస్టర్ రెసిన్ సరిపోతుంది. పొరకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున పలక మూడు మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఎపాక్సీ జోలికి ఇప్పుడే పోవద్దు. అది ఖరీదు. పైగా మామూలు మ్యాట్‌లో పోగులను పట్టి ఉంచే జిగురు పాలియెస్టర్‌లోని స్టైరీన్‌కు కరుగుతుంది గాని ఎపాక్సీకి సరిగా కరగదు. ఎపాక్సీతో పనిచేసే రోజు వస్తే నేసిన గాజు గుడ్డ కొనుక్కోండి.

రెసిన్‌ను గట్టిపరిచేది కేటలిస్ట్. బరువులో నూటికి ఒకటి నుంచి రెండు వంతులు. డబ్బా మీద కంపెనీ ఏం చెబితే అదే కొలత. వంద గ్రాముల రెసిన్‌కు ఒక్క గ్రామంటే చిన్న సిరంజితో కొలవాల్సిందే. ఒక మిల్లీలీటరు దాదాపు అంతే తూగుతుంది. ఈ సిరంజి, గ్రాములు చూపే చిన్న తక్కెడ, గీతలున్న ప్లాస్టిక్ మగ్గు... ఈ మూడింటి మీద పెట్టే డబ్బుకు వెనకాడవద్దు. కేటలిస్ట్ తగ్గితే పలక రోజులు గడిచినా మెత్తగా ఉంటుంది, పెరిగితే వేడెక్కి పగుళ్లు తేలుతుంది. కంటిచూపు లెక్కతో పోసే మేస్త్రీలు ఉన్నారు. వాళ్ల వెనుక ఏళ్ల అనుభవం ఉంది, మనకు లేదు.

ఒక హెచ్చరిక. కొన్ని చోట్ల రెసిన్‌తో పాటు ఊదారంగు కోబాల్ట్ యాక్సిలరేటర్‌ను విడి సీసాలో ఇస్తారు. దాన్ని, కేటలిస్ట్‌ను నేరుగా ఎప్పుడూ కలపకూడదు. భగ్గుమంటాయి, పేలే ప్రమాదమూ ఉంది. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో బాగా కలియదిప్పాలి. ఆ తర్వాతే కేటలిస్ట్. మొదటిసారి కొనేవాళ్లు యాక్సిలరేటర్ ముందే కలిపి ఉన్న రెసిన్ అడిగి తీసుకోవడం మేలు.

మిగతా సామాను చవక. అచ్చుకు మైనం కావాలి. కారుకు పూసే పాలిష్ కాదు, అందులో సిలికాన్ ఉంటే పని చెడుతుంది. అచ్చు విడవడానికే అమ్మే మైనం నాలుగైదు పూతలు వేసి, పూత పూతకూ మధ్య గుడ్డతో మెరుగుపెట్టండి. పందికుచ్చు బ్రష్షులు రెండు, గాడులున్న లోహపు రోలర్ ఒకటి, కడగడానికి అసిటోన్ కొద్దిగా. థర్మాకోల్ కప్పులో మాత్రం రెసిన్ పోయవద్దు, స్టైరీన్ తగిలి కప్పు అడుగు కరిగిపోతుంది.

ఇక పని. వంద గ్రాముల చొప్పున మూడుసార్లు కలుపుకోండి. ఎక్కువ రెసిన్ ఒకే కప్పులో నిలిస్తే తన వేడికి తానే ఉడికి పొగలు కక్కుతుంది. ముందు అచ్చు మీద రెసిన్ పూసి, దాని మీద మ్యాట్ పరచాలి. బ్రష్షుతో రుద్దితే పోగులు లేచి ముద్దకడతాయి, కొనతో అద్దుతూ పోవాలి. తెల్లటి మ్యాట్ నిమిషంలోపే గంజిపెట్టిన పల్చటి గుడ్డలా మెత్తబడి, కింది అచ్చు కనబడేంత పారదర్శకమవుతుంది. ఎక్కడైనా తెల్లగా మిగిలితే అక్కడ గాలి ఉందన్నమాట. రోలర్‌తో మధ్య నుంచి అంచులకు తోసేయండి. పలక తోలులా సాగే దశలో ఉండగానే బ్లేడుతో అంచులు కోయండి. అది దాటితే రంపం పట్టాలి, దానితో దుమ్ము. పైముఖం జిగటగా ఉంటే కంగారు వద్దు, గాలి తగిలే వైపు పాలియెస్టర్ అలాగే ఉంటుంది. మళ్లీ పొర వేయాలంటే ఆ జిగటే మంచిది. చివరి పూతగా మైనం కలిపిన రెసిన్ వేస్తే ఆరిపోతుంది.

మన ఎండల్లో మధ్యాహ్నం పెట్టుకుంటే బ్రష్షు అందుకునేలోపే రెసిన్ బిగుసుకుంటుంది. పొద్దున్నే చేయండి. వానాకాలం తేమ పట్టిన మ్యాట్ రెసిన్‌ను సరిగా పీల్చుకోదు, దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొడిగా ఉంచాలి.

మన షెడ్లలో ఒక పద్ధతి నాకు బాధ కలిగిస్తుంది. ముక్కుకు తువ్వాలు చుట్టుకుని రోజంతా స్టైరీన్ ఆవిరి పీలుస్తారు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు. కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్, నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు కొనలేకపోతే ఈ పని మొదలుపెట్టవద్దు. కేటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే కనీసం పదిహేను నిమిషాలు నీళ్లతో కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. గ్రైండింగ్ చేసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఒంటికి అంటిన గాజు దుమ్మును రుద్దకుండా చన్నీళ్లతో పోగొట్టండి. అసిటోన్‌తో చేతులు కడగడం మేస్త్రీల అలవాటే అయినా మంచి అలవాటు కాదు.

పలక గట్టిపడ్డాక మర్నాడు దాన్ని అడ్డంగా కోసి అంచు చూడండి. తెల్లటి చుక్కలు ఉంటే గాలి మిగిలింది. పోగు లేకుండా రెసిన్ ఒక్కటే గీతలా మెరిస్తే ఎక్కువ పోశారు. మూడు పొరలూ విడదీయరాని ఒకే మందంగా కనిపిస్తే మాసికకు సిద్ధమైనట్టే. అప్పుడు పడవ అడుగున పడిన కన్నం చుట్టూ, ఆ అడుగు మందానికి పన్నెండు రెట్లు వెడల్పున, ఏటవాలుగా గ్రైండ్ చేసుకోండి. ఐదు మిల్లీమీటర్ల అడుగుకు ఆరు సెంటీమీటర్లు. ఆ వాలు లేకుండా పైపైన అతికించిన మాసిక అలల దెబ్బకు నిలవదు.