ఒక్క పురుగు, రెండు తీర్పులు

2003 మార్చిలో న్యూజీలాండ్‌లోని హామిల్టన్ నగరంలో లింగాకర్షక బుట్ట ఒకదానిలో ఒకే ఒక్క మగ రెక్కల పురుగు పడింది. డీఎన్‌ఏ పరీక్షలో అది జపాన్‌లోని హొక్కైడో దీవికి చెందిన స్పాంజీ మాత్ అని తేలింది. గుడ్లు దొరకలేదు, గొంగళి పురుగులు దొరకలేదు, రెండో రెక్కల పురుగూ దొరకలేదు. అయినా ఆ అక్టోబరు నుంచి ఇళ్ల మీదుగా విమానాలు తిరిగి మందు చల్లాయి. ఆ జాతికి దగ్గరి చుట్టమైన ఐరోపా స్పాంజీ మాత్ మగది ఒకటి అమెరికాలో, విస్కాన్సిన్‌లోనో ఇండియానాలోనో బుట్టలో పడితే సిబ్బంది విమానాన్ని పిలవరు. మరుసటి వేసవికి ఆ చుట్టుపక్కల మరిన్ని బుట్టలు కడతారు.

రెండు చోట్లా ఎర ఒకటే. బుట్ట చెప్పినదాన్ని అర్థం చేసుకునే తీరే వేరు. ఏది సరైనదని అడిగితే, పురుగు వరకూ నేను హామిల్టన్ పక్షం. మనుషుల విషయంలో మాత్రం కాదు.

ముందు బుట్టను దగ్గరగా చూద్దాం. అట్టను మూడు పలకలుగా మడిచి, లోపలి గోడలకు జిగురు పూస్తారు. లోపల చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. దానిలో 500 మైక్రోగ్రాముల డిస్పార్లూర్, అంటే అర మిల్లీగ్రాము. ఆడపురుగు వదిలే వాసనకు ప్రయోగశాలలో చేసిన నకలు అది. సీజన్ మొత్తానికీ అదే సరిపోతుంది. ఆ అణువుకు అద్దంలో ప్రతిబింబం లాంటి రూపం మరొకటి ఉంది. అది కలిస్తే మగపురుగు వెనకాడుతుంది. అంత సున్నితమైన లెక్క ఇది. బుట్టకు వచ్చేది మగదే. గుడ్లు పెట్టే ఆడదాన్ని బుట్ట ఎప్పుడూ చూడదు. ఎక్కడో ఆడది ఉండి ఉంటుందని మగదాన్ని బట్టి ఊహించుకోవాల్సిందే.

ఈ ఎర చేతికి రావడానికి అమెరికా చాలాకాలం ఎదురుచూసింది. పట్టు మీద ఆశతో ఎటియెన్ ట్రూవెలో అనే ఫ్రెంచి చిత్రకారుడు 1860ల చివర్లో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌కు ఈ పురుగును తెచ్చి పెంచాడు. కొన్ని తప్పించుకుపోయాయి. 1889 వేసవిలో గొంగళి పురుగులు ఊరిలోని చెట్లను మోళ్లు చేశాయి. అప్పట్లో సర్వే అంటే కూలీలు చెట్టు చెట్టునూ తడిమి, బెరడు మీది గుడ్ల ముద్దలను వెతికి చంపడమే. తర్వాత ఆడపురుగుల పొట్ట చివరలను కోసి, వాటి సారాన్ని బుట్టల్లో పెట్టారు. 1960లో అసలు రసాయనం దొరికిందని ప్రభుత్వ శాస్త్రవేత్తలు ప్రకటించారు గానీ, అది సరైనది కాదని తర్వాత తేలింది. బీర్ల్, బెరోజా, కోలియర్ డిస్పార్లూర్‌ను బయటపెట్టింది 1970లో. తప్పుడు ఎర ఉన్న బుట్ట ఖాళీగా ఉంటే, అడవిలో పురుగు లేదనుకుంటాం. బుట్ట లేకపోవడం కన్నా అది ప్రమాదం.

ఎర వచ్చేనాటికే పురుగు ఈశాన్య రాష్ట్రాలన్నిటా స్థిరపడిపోయింది. ఇక నిర్మూలన ఊసు లేదు, వేగం తగ్గించడమే పని. 2000 నుంచి జాతీయ స్థాయిలో సాగుతున్న ఆ కార్యక్రమంలో, పురుగు ముందుకు జరిగే సరిహద్దు వెంట సాధారణంగా రెండు కిలోమీటర్లకో బుట్ట కడతారు. అనుమానం ఉన్నచోట అర కిలోమీటరుకొకటి. అక్కడ ఒక్క మగపురుగు పడితే భయపడరు. దాడి ఉన్న అడవి ఎంతో దూరం లేదు, గాలికి కొట్టుకొచ్చి ఉండొచ్చు. పైగా సంఖ్య మరీ తక్కువైతే ఆడామగా కలవక గుంపు తనంతట తానే అంతరిస్తుంది. కాబట్టి చూసేది లెక్క పెరుగుదలను. మన పత్తి రైతు గులాబీ రంగు పురుగుకు చేసేదీ ఇదే. బుట్టకు రాత్రికి 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితేనే మందు కొట్టమంటారు. ఏడాదికి 20 కిలోమీటర్లకు పైగా సాగిన వ్యాప్తిని అమెరికా ఈ పద్ధతిలో సగానికి పైగా తగ్గించింది. నాకు బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. పురుగు పలుచగా ఉన్నచోట అదే డిస్పార్లూర్‌ను అడవి మీద చల్లి, మగవాటికి దారి తెలియకుండా చేస్తారు. మిగతా సీతాకోకలకు దానితో పని లేదు.

హామిల్టన్‌కు ఈ ఓపిక సరిపోదు. న్యూజీలాండ్‌లో ఆ పురుగు ఎక్కడా లేదు. గాలికి కొట్టుకు రావడానికి చుట్టూ సముద్రమే. వచ్చిందంటే సరుకు మీదో, జపాన్ నుంచి దిగే పాత కార్ల మీదో గుడ్లుగా వచ్చి ఇక్కడే పొదిగి ఉండాలి. పైగా ఐరోపా రకంలో ఆడది ఎగరలేదు, హొక్కైడో ఆడది ఎగురుతుంది. బుట్టలకు చిక్కేది ఉన్నవాటిలో కొద్ది భాగమే. మరుసటి ఏడాది లెక్క కోసం ఆగడమంటే సరిహద్దును వదులుకోవడమే. విమర్శకులు అడిగినట్టు, ఒక్కదాని కోసం ఇంత అవసరమా అన్నది న్యాయమైన ప్రశ్నే. మందు చల్లాక బుట్టలు ఖాళీగా ఉండిపోయాయి, 2005లో నిర్మూలన ప్రకటించారు. మందు వల్ల పోయాయా, మొదటే వేరే పురుగులు లేవా అని ఎవరూ రుజువు చేయలేరు. అయినా ఆ నిర్ణయమే సరైనదంటాను. ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పడానికి, ఆక్లండ్‌లో 1999లో కనిపించిన పెయింటెడ్ యాపిల్ మాత్ అనే మరో పురుగు సాక్ష్యం. దానికి నిలకడైన కృత్రిమ ఎర లేక, ల్యాబ్‌లో పెంచిన కన్నె ఆడపురుగులనే బుట్టల్లో పెట్టాల్సివచ్చింది. నిర్మూలన ప్రకటన వచ్చేసరికి 2006 అయింది.

ఇక మనుషుల సంగతి. చల్లినది ఫోరే 48బి. మన పత్తి విత్తనం పేరులోని బీటీ బాక్టీరియాకు చెందిన మందే. గొంగళి పురుగులకు విషం. కింద ఉన్నవి ఇళ్లూ, బళ్లూ. మందు చల్లిన హామిల్టన్, ఆక్లండ్ రెండు నగరాల్లోనూ జనం తమకు వచ్చిన బాధలు చెప్పుకున్నారు. ఆ ఫిర్యాదులపై 2007లో వెలువడిన అంబుడ్స్‌మన్ మెల్ స్మిత్ నివేదిక, ప్రజారోగ్యం విషయంలో ప్రభుత్వం తీరును తప్పుపట్టింది. బుట్టలో పడ్డ ఒక్క పురుగు మీద చూపిన శ్రద్ధ, దగ్గుతున్న పిల్లవాడి మీద చూపలేదని ఆ ఇళ్లలోవాళ్లు అంటే కాదనలేను. బుట్ట నిఘా అంతా అధికారుల చేతిలో ఉండి, మందు మాత్రం అందరి మీదా పడింది. అమెరికాలో చల్లడానికి ముందు బహిరంగ సమావేశాలు పెట్టి, మ్యాపులు చూపించి, ఊరివాళ్ల మాట వింటారు. ఆ తతంగానికి తగినంత సమయం ఉండడం అక్కడి నిదానానికి ఉన్న నిజమైన బలం. హామిల్టన్‌లోనూ మార్చికీ అక్టోబరుకూ మధ్య ఏడు నెలలున్నాయి.